వెండి నీళ్ళు, నా గొంతు

మా బస్టాండులో నన్ను అందరూ ‘మైకు’ అంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం నా ఉద్యోగం. డ్యూటీ దిగాక కూడా ఆ పని మానను కాబట్టి ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ పెళ్ళయిన వారానికే కనిపెట్టింది. ఆవిడ దర్జీ. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని రోజంతా కుడుతుంది. ఆవిడ వాటా మాటలు కూడా నేనే మాట్లాడేవాణ్ణి.

అలాంటి నాకు గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. బస్సులు తప్పిపోయిన ప్రయాణికులు నా గది వైపు గుర్రుగా చూశారు. మేనేజరు పిలిచి, “సోమవారం మైకు ముందు వినిపించు. గొంతు రాకపోతే నిన్ను సామాన్ల గదికి పంపి, ఇక్కడ మెషీన్ పెట్టేస్తాం,” అన్నాడు. జీవితాంతం మూటలతో మాట్లాడాలి! నిజంగానే భయం వేసింది.

డాక్టరు చూసి, “గొంతు లోపల వాచింది. వారం రోజులు నోరు మూసుకుంటే అదే తగ్గుతుంది,” అన్నాడు. అదెంత అన్యాయమో ఆయనకు గుసగుసగా చాలాసేపు వివరించాను. బయట కూర్చున్న రోగులకూ వివరించాను.

టికెట్ కౌంటర్‌లో ఉండే మిత్రుడు నాకు తగ్గవాడు. “వెండి నీళ్ళు తాగు, ఇంట్లోనే చేసుకోవచ్చు,” అని ఫోన్‌లో వీడియో చూపించాడు. చదరపు బ్యాటరీలు మూడు వరసగా కలపాలి. రెండు వైర్లకు రెండు వెండి ముక్కలు తగిలించి, ఒకదానికొకటి ఆనకుండా గ్లాసు నీళ్ళలో వేలాడదీయాలి. అంతే.

మా ఇంట్లో వెండి అంటే ఒక్క చెంచా. మా అత్తగారు తన కూతురికి పసితనంలో పాలు పట్టిన చెంచా. ఆవిడ పోయాక మా ఆవిడకు మిగిలింది అదొక్కటే. అప్పుడప్పుడు తీసి, తుడిచి, మళ్ళీ గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంటుంది. వెండి కాస్తేగా కరిగేది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. చెంచా ఒకటి, వైర్లు రెండు అన్న సంగతి ఆఖర్న గుర్తొచ్చింది. ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళగానే, రంపంతో కాడ ఒకవైపు, గిన్నె ఒకవైపు కోసేశాను. కోశాక చూసుకుంటే, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

బాల్కనీలో పూలకుండీ వెనక ఫ్యాక్టరీ తెరిచాను. బుడగలు రావడం లేదని చిటికెడు ఉప్పు వేశాను. నీళ్ళు తెల్లగా మారాయి. మురిసిపోయి సీసాలో పోసి దాచాను. స్నానం చేసి వచ్చేసరికి అవి తేటపడి అచ్చం మామూలు నీళ్ళలా ఉన్నాయి. వెండి పూర్తిగా కలిసిపోయిందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని, గటగటా తాగేశాను. రోజూ ఇదే తంతు.

నా నోటి సంగతి నాకు తెలుసు. “కాఫీ ఇవ్వు” అనబోయి “చెంచా కోసేశాను” అనేస్తాను. అందుకని నోటికి తాళం వేసుకున్నాను. ఆవిడ ఏమడిగినా తలూపాను. పక్కింటి పెద్దాయన పలకరిస్తే తేలు కుట్టిన దొంగలా జారుకున్నాను.

సోమవారం మైకు ముందు నోరు తెరిచాను. ఖంగుమంది! మేనేజరు సరేనని చెయ్యి ఊపాడు. ఇంటికి పరుగెత్తి, గుమ్మంలోంచే మొదలుపెట్టాను.

“ఇదిగో, విన్నావా? డాక్టర్లెందుకు పనికొస్తారు! వెండి నీళ్ళు! నేనే చేశాను!”

ఆవిడ మిషన్ ఆపి, పెదవుల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

“ఆ నీళ్ళు మీరు తాగలేదండీ. మొదటి రోజే కుండీ వెనక అంతా చూశాను. రోజూ మీరు స్నానానికి వెళ్ళగానే సీసా పారబోసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోశాను.”

“మరి గొంతెలా వచ్చింది?”

“నోరు మూసుకున్నారుగా! డాక్టరు చెప్పిందీ అదేగా.”

“చెంచా చూసి కూడా నన్ను ఒక్క మాటైనా అనలేదేం?”

“అంటే మీరు ఊరుకుంటారా? నేనొకటంటే పది అంటారు. ఉన్న కాస్త గొంతూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. అందుకే కుళాయి తిప్పుకుని ఏడ్చి ఊరుకున్నాను.”

చెంచా చుట్టే గుడ్డ ఒళ్ళో పెట్టుకుని విప్పింది. నల్లబడిన కాడను కొంగుతో తుడిచి, గిన్నె పక్కన పెట్టింది. రెండూ అతకవని తెలిసినా దగ్గరగా జరిపి చూసింది.

“ఇప్పుడు గొంతొచ్చిందిగా. మా అమ్మ చెంచా గురించి ఏం చెప్తారో చెప్పండి, వింటాను.”

నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.