వదిన తిన్న మొదటి ముద్ద

మొన్న వరంగల్‌లో ఆఫీసులో ఉండగా మా ఊరు నెక్కొండ నుంచి కబురొచ్చింది. వదిన పోయింది. పదేళ్లకు పైగా ఆవిడ చేతి అన్నం తిన్నాను. అందులో కొన్ని నెలలు అనుమానిస్తూ తిన్నాను. అది దాస్తే ఆవిడ గురించి రాసేదంతా అబద్ధమే.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర నాకు కడుపులో పుండుకు ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది గానీ, ఏం తిన్నా పొట్ట ఉబ్బడం, విరేచనాలు. ఒళ్లు చిక్కి బొక్కలు తేలాయి. పరకాల దగ్గర పసరు పోసే ఒకాయన నాడి చూసి, "నీకెవరో అన్నంల మందు పెట్టిన్రు. వండిపెట్టే చెయ్యే" అన్నాడు. మా ఇంట్లో వండేది వదిన ఒక్కతే. అప్పుడే అన్నయ్యకూ నాకూ ఆస్తి భాగాల మాట నడుస్తోంది. నాకింకేం సాక్ష్యం కావాలి?

గిన్నెల మూతలు తీసి వాసన చూసేవాణ్ని. పప్పులో నల్లగా కనిపించిందల్లా వేలితో నలిపేవాణ్ని. మాడిన జీలకర్ర! వదిన అంతా చూసింది. మగవాళ్లు తినకముందు మెతుకు ముట్టని మనిషి, ఒకరోజు నా కంచంలోంచే మొదటి ముద్ద కలిపి తినేసింది.

"నేనైతే సావలే మర్దీ. ఇగ తిను. తిన్నంక దవాఖానకు పోదాం."

డాక్టర్ అసలు సంగతి చెప్పాడు. ఆపరేషన్‌లో పేగు కలిపిన చోట తిన్నది నిలిచిపోయి, అక్కడ క్రిములు విపరీతంగా పెరుగుతున్నాయట. గోళీలు రాశాడు. కొన్నాళ్లు వాడి ఆపాలి, మళ్లీ ఉబ్బితే మళ్లీ చూపించుకోవాలి.

గోళీ వేళకు వదిన పాలు దాచేసేది. మళ్లీ అనుమానం! చాటుగా వెళ్లి డాక్టర్‌ను అడిగాను.

"పాలతో ఏసుకుంటే గోళీ సరిగ పన్జెయ్యదు. ఇద్దరికీ చెప్పిన. ఆమె ఇన్నది, నువ్వు ఇనలే."

సిగ్గుతో చచ్చాను. గోళీలు పనిచేసి ఒంటికి కండ పట్టింది. జబ్బు మాత్రం అప్పుడప్పుడు తిరిగొచ్చేది. నాకంటే ముందు ఆవిడే కనిపెట్టేది. మొదటి ముద్ద తినడం కూడా మానలేదు. ఇక వద్దు వదినా అంటే, "నీ అనుమానం పోయింది గని, నా అలవాటు పోలే" అని నవ్వేది. మన్నించమని నోరు తెరిచి ఒక్కనాడూ అడగలేదు నేను. అదే ఇప్పుడు గుండెను కోస్తోంది.

నిన్న నెక్కొండలో, దహనం అయ్యాక, అందరితో పాటు నాకూ అన్నం పెట్టారు. పప్పు పోసుకుని ముద్ద కలిపాను.

"తింటలేవేందిరా? సల్లారిపోతాంది" అన్నాడు అన్నయ్య.

కలిపిన ముద్ద కంచం అంచున పెట్టి, వంటింటి గడప వైపు చూస్తూ కూర్చున్నాను.