‘వెళ్ళిపోయాడు’ అన్న మాట

బడి వంటశాలలో వంట చేసి చేసి రిటైరైన గ్లఫీరాకు దేవుడంటే భక్తి, మనుషులంటే జాలి. రష్యాలో వోల్గా నది ఒడ్డున ఒక పట్టణపు జైలులో నా అన్నవాళ్ళు లేని ఖైదీలకు తిండి సంచులు అందించడమే ఆమె ముసలితనపు పని. ఏం నేరం చేశారని ఎవర్నీ అడగదు.

ఆ ఉదయం జైలు కిటికీ ముందు వరుసలో ఆమె పక్కన తయీసియా అనే ఆవిడ కూర్చుంది. నిరసనగా ఏమీ రాయని తెల్లకాగితం పట్టుకుని చౌరస్తాలో నిలబడ్డాడని ఆమె కొడుకు రదియోన్‌ను లోపల వేశారు. తల్లి పల్లెనుంచి రావడం ఇదే మొదలు. మిఠాయిలకు కాగితాలుంటే లోపలికి తీసుకోరు. అందుకని వరుసలోని ఆడవాళ్ళంతా ఆమె సంచి చుట్టూ చేరి ఒలిచి పెడుతున్నారు.

"నోట్లో వేసుకోకే క్లావా, చూస్తున్నా!" అంది ఒకామె.

"నోట్లో ఉన్నవే రెండు పళ్ళు, వాటిమీదా నీ కన్ను!"

తయీసియా కూడా నవ్వింది.

ఆమె వంతు వచ్చింది. కిటికీలో మనిషి జాబితాలో రదియోన్ పేరు చూశాడు గానీ సంచి ముట్టుకోలేదు.

"వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి బాబూ?"

"వెళ్ళిపోయాడన్నానుగా తల్లీ. తర్వాతెవరు?"

దూరపు ఖైదీల శిబిరానికి రైలెక్కించినా ఆ కిటికీలో అదే మాట, లోపలే ప్రాణం పోయినా అదే మాట. వెనకొకసారి గ్లఫీరా ఒక పడుచు ఇల్లాలికి "రైలెక్కించుంటారులే" అని ధైర్యం చెప్పింది. ఆ పిల్ల చలికాలమంతా చనిపోయిన మొగుడి క్షేమం కోరుతూ కొవ్వొత్తులు వెలిగించింది. ఆమె ముఖం ఇప్పటికీ గ్లఫీరా ప్రార్థన మధ్యలో వచ్చి నిలబడుతుంది.

గ్లఫీరా, తయీసియా ఇద్దరూ చర్చికి నడిచారు. బతికున్నవాళ్ళ కొవ్వొత్తులు దేవుడి పటాల ముందు, పోయినవాళ్ళవి సిలువ దగ్గరి పొట్టి బల్లమీద. వెలిగించిన కొవ్వొత్తితో తయీసియా నడుమ ఆగిపోయింది. మైనం వేళ్ళమీదికి కారుతోంది.

"ఎక్కడ పెట్టనక్కా? నీకు తెలిసే ఉంటుంది. చెప్పు."

"తెలీదమ్మా. తెలుసని ఒకసారి చెప్పి పాపం మూటగట్టుకున్నాను."

"మరెలా?"

"రేపు మళ్ళీ వెళ్దాం. ఎక్కడికో చెప్పేదాకా ఆ కిటికీ వదలొద్దు. ఇవాళ్టికి నీ చెయ్యి ఎటు పోతే అటు పెట్టు."

చెయ్యి చాలాసేపు కదల్లేదు. చివరికి పటాల వైపు వెళ్ళింది. గ్లఫీరా మెల్లగా జరిగి, పొట్టి బల్ల ఆమె కంట పడకుండా తన వెడల్పాటి కోటుతో అడ్డం నిలబడింది. వీపుకు ఆ బల్లమీది మంటల వెచ్చదనం తగులుతూనే ఉంది.