పొన్ని చెవులకు కట్టిన దారం

ఈ ఉదయం కోడలు ఉలవలు ఉడకబెట్టింది. ఆ వాసన వరండాలోకి రాగానే చదువుతున్న పేపరు మడిచి, బీరువాలోంచి పాత డైరీ తీశాను. "తై నెల, సంక్రాంతి తర్వాత రెండో ఆదివారం, మంసాపురం మైదానం. ఉన్నవారు: వెంగమ్మ అక్క, గుర్రాల బ్రోకర్ మురుగేసన్, నేను, పొన్ని." గుర్రాన్ని కూడా హాజరులో వేసుకున్నాను.

వెంగమ్మ అక్క మా వీధి చివర గుర్రాలు పెంచేది. తమిళనాట మా రాజపాళయంలో కుక్కకైనా జాతి అడగనిదే గంజి పొయ్యరు. ఆమె మాత్రం పదిహేనేళ్ళు పట్టుబట్టి కలగలుపు గుర్రాలనే తయారు చేసింది. పొన్ని తల్లి మార్వారి జాతిది. తండ్రి మద్రాసు పందేల్లో కాలు దెబ్బతిని, ఎవరికీ అక్కరలేక ఈమె దగ్గరికి చేరిన ఇంగ్లీషు సీమ గుర్రం. పొన్నికి తండ్రి పొడుగు కాళ్ళు, పరుగు వచ్చాయి. రాళ్ళ మీద అరగని గిట్టలు, పటాకులకు బెదరని గుండె తల్లివి. చెవులు మార్వారి చెవుల్లాగే లోపలికి వంగేవి కానీ, కొసలు కలవకుండా రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయేవి. "ఆ సందులోనే దాని నాయన ఉన్నాడు" అనేది అక్క.

పొన్ని పరుగు పదిమంది ముందు కనబడాలని ఆమె ఏళ్ళ కోరిక. అప్పట్లో నేను తాలూకా ఆఫీసు గుమాస్తాను. ఆమె దరఖాస్తులన్నీ నేనే వ్రాసేవాడిని. కలగలుపు గుర్రమంటే మంసాపురం పరుగు పోటీకి రానివ్వరని మురుగేసన్ చెప్పడంతో, ఆమెను అడక్కుండానే పోటీ ఫారం జాతి గడిలో 'మార్వారి' అని వ్రాశాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

మైదానంలో అక్క టీ తాగి వచ్చేసరికి మురుగేసన్ పొన్ని చెవి కొసలను నల్ల దారంతో కలిపి కట్టేశాడు.

"ఇదేంది అప్పా, దీనికి జడ వేసినావా?"

"ఒక్క గంట ఓర్చుకో అక్కా. జడ్జి దూరం నుంచే చూస్తాడు. ఫారంలో కూడా మార్వారి అనే రాసినాము."

ఆమె నావైపు తిరిగింది. "నువ్వేనా తంబి రాసింది?"

"లోపలికి విడుస్తారని, అక్కా."

"ఒకడు దారంతో, ఒకడు పెన్నుతో. దాని నాయనను లేకుండా చేసినారు ఇద్దరూ."

అక్క ఆ దారం పళ్ళతో కొరికి పారేసింది. యాభై ఆరేళ్ళ వయసులో, నలుగురి ముందు, ఫారంలో నా వ్రాతను నేనే కొట్టేసి 'కలప్పు' అని దిద్దాను. మా వైపు కలగలుపును అలాగే అంటాం.

"కలప్పుకి ఇక్కడ చోటు లేదమ్మా" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

"సరి, రోడ్డు మీద ఉంది" అంది అక్క.

అరవై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి పొన్నిని ఎక్కింది. లోపల గుర్రాలు బయలుదేరగానే కంచె ఇవతల తానూ తోలింది. జనం మైదానం వదిలి రోడ్డు వైపు తిరిగారు. మలుపు దగ్గర పొన్నే ముందుంది. బహుమతి ఇంకెవరో తీసుకున్నారు.

ఆ తర్వాత నేను మేలు చేసే అబద్ధాలు కూడా వ్రాయలేదు. ఆఫీసులో మొండివాడన్నారు. అననీ.

పోటీ మర్నాడు పొద్దున అక్క నన్ను పిలిచి, బోర్డుకని రేకు, రంగు డబ్బా ముందు పెట్టింది.

"కలప్పు గుర్రాలు. పెద్దగా రాయి తంబి, బస్సులో పోయేవాడికి కూడా కనబడాల."

వ్రాశాను.

"కింద నీ పేరు పెట్టు."

"నాదెందుకు అక్కా?"

"ఎవురైనా తగవుకి వస్తే నేనొకదాన్నే నిలబడాల్నా?"

బ్రష్ మళ్ళీ రంగులో ముంచి, ఇనిషియల్‌తో సహా వ్రాశాను.