జపాన్ గిటారు ఇంటిపేరు

ఏడో తరగతితో బడికి దండం పెట్టేసిన నేను, అప్పట్లో కాకినాడలో ఓ ఆర్కెస్ట్రాకి మైకులు చూసేవాణ్ణి. మా గిటారిస్టు సూర్యంగారు నెట్‌సెంటర్‌లో వెతికి వెతికి పాత జపాన్ ఎలక్ట్రిక్ గిటారు కొన్నారు. పేరున్న ఫ్యాక్టరీలో తయారైందని అమ్మినవాడు రాశాడట. దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, రిహార్సల్లో అద్భుతంగా వాయించారు.

“గిటారు మెడ కదులుతోంది, విప్పి కాస్త బిగించరా” అని నాకిస్తే మరలు విప్పాను. లోపల వేరే ఫ్యాక్టరీ ముద్ర ఉంది. నా నోరు ఊరుకోదు కదా, మైకు అందుకుని, “గురువుగారూ, మీ కొత్త కోడల్ని ఇంటిపేరు మార్చి అంటగట్టారండి” అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన ఆ ముద్రనే చూస్తూ, “ఇందాకటిదాకా బాగానే మోగింది కదరా?” అన్నారు.

నేను మైకు పక్కన పెట్టి మరలు బిగించాను. పెద్దాపురం జాతర కచేరీలో ఆయన దాన్ని వదిలేసి, మళ్లీ తన మునుపటి గిటారే పట్టుకున్నారు. నేను చెప్పింది నిజమే. కానీ చెవిలో చెప్పాల్సిన మాట మైకులో చెప్పాను.