తెర మీద పడిపోయే మనిషి

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అని తిట్టేది. న్యూజిలాండ్ దక్షిణపు కొసనున్న ఈ ఇన్వర్‌కార్గిల్ వచ్చాక ఆ తిట్టే నాకు తిండి పెట్టింది. ఇక్కడ ముసలివాళ్లుండే రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరిన కొత్తలో, ఇంత చలిలోనూ చెమట పట్టేలా తిరిగే మనిషి దొరికిందని మా మేనేజర్ మురిసిపోయింది. నేను తిరిగేది పని మీద ప్రేమతో కాదు. ఊరికే ఉంటే ఏదో చెయ్యి జారిపోతున్నట్టు నాకు గుండెదడ.

అలాంటి నన్ను కూర్చోబెట్టినవాడు ఒక్కడే, కారిడార్ చివరి గదిలో ఉండే తొంభై దాటిన ముసలాయన. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు. నాకు నోరు రాక అంకుల్ అన్నాను, ఆయన కాదనలేదు. కుర్రతనంలో ఓడ వంటింట్లో గిన్నెలు తోముతూ అమెరికా చేరి, కాలిఫోర్నియాలో దిగిపోయి, నలుపు తెలుపు సినిమాల్లో వేషాలు వేశానని చెప్పేవాడు. నాకు సినిమాల సంగతి బొత్తిగా తెలీదు. గుంటూరు దగ్గర మా ఊళ్లో మా నాన్న చర్చిలో సంఘపెద్ద, మా ఇంట్లో సినిమా పాపం. గోడ మీద పోస్టరు కనిపిస్తే తల దించుకుని నడవమనేవాడు. అందుకేనేమో, ఆ కబుర్లు వింటుంటే నాకు దొంగచాటుగా బెల్లం తిన్నంత బాగుండేది.

ఆయన వేసిన వేషాలకు కథలో పేర్లుండవు. హోటల్ గుమాస్తా, రెండో నావికుడు, టెలిగ్రాం తెచ్చేవాడు, కోర్టులో వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఇక్కడి గొర్రెల ఫారంలో పెరిగినవాడు కనుక గుర్రం ఎక్కడం వచ్చు. మొదట కౌబాయ్ సినిమాల్లో గుంపులో గుర్రమెక్కించారట. తరవాత ఒక దర్శకుడు, నిన్నెక్కడో చూసినట్టుంటుంది గానీ ఎక్కడో గుర్తురాదు, ఇలాంటి మొహాలు దొరకవు అని మాటలున్న వేషాలిచ్చాడట. మాటలంటే ఎన్ననుకున్నారు, ఒకటో రెండో. వాటికోసం కూడా, ఇక్కడి యాస బయటపడకూడదని రోజూ పొద్దున్నే ఇంటి యజమానురాలి ముందు పేపరు పైకి చదివి దిద్దించుకునేవాడట. గడ్డాలు అతికించే జిగురుకి దవడ కింద చర్మం పాడైంది. షేవింగ్ చేసేటప్పుడు నేనక్కడ బ్లేడు మెల్లగా పోనిచ్చేదాన్ని.

ఎక్కువ సినిమాల్లో ఆయన చచ్చిపోయేవాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం వీపు నిటారుగా అయ్యేది. "ఎక్కువసేపు చావకూడదు. నువ్వు తీరిగ్గా చస్తూ కూర్చుంటే అక్కడ హీరో పనిలేక నిలబడాల్సొస్తుంది" అనేవాడు. మంచం అంచున కూర్చుని, పడిపోవడంలోని వరస నాకు నేర్పేవాడు. ముందు కుడి మోకాలు, తరవాత భుజం, అన్నిటికన్నా ఆఖరున చెయ్యి, గుప్పెట్లోది వదిలేసినట్టుగా. ఒకరోజు ఏకంగా లేచి చూపించబోతే నడుం పట్టుకుని ఆపి, మీరు పడితే నా ఉద్యోగం ఊడుతుందని కసిరాను.

ఇదంతా కట్టుకథ అనే మనిషి ఒకరుండేవారు. ఆయన ఒక్కగానొక్క కూతురు. డెబ్బై దాటిన ఆవిడ, ఆక్లండ్‌లో ఉంటుంది, ఏడాదికోసారి వచ్చిపోతుంది. మొన్నటి చలికాలం వచ్చినప్పుడు కారిడార్‌లో నన్నాపి, మా నాన్న చెప్పేవి మీరు కూర్చుని వింటారట, పాపం మీ టైం వృథా అంది. ఆయన వెళ్లేనాటికి ఆవిడ పాలుతాగే పిల్ల. బళ్లో చదువుకునే వయసుకి గానీ తిరిగి రాలేదు. ఆ మధ్య ఏళ్లలో వాళ్లమ్మ శనివారాలు సినిమాకి తీసుకెళ్లేదట. తెర మీద కనిపించిన ప్రతి మొహంలోనూ నాన్నని వెతుక్కునేదట. ఒక్కసారీ దొరకలేదు. బళ్లో మా నాన్న సినిమాల్లో ఉన్నాడని చెప్తే పిల్లలు అబద్ధాలకోరు అని పేరు పెట్టారట.

"అక్కడ ఏ రేవులోనో మూటలు మోసుంటాడు" అంది. "ఆ మాటే చెప్పుంటే ఎప్పుడో క్షమించేదాన్ని."

ఆవిడ ఆదివారం విమానానికి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చేసరికి ఆయన ఉంటాడో లేడో ఇద్దరికీ తెలుసు. అబద్ధాలకోరు అన్న పేరుతోనే ఆయన పోవాలా అని నాకు మనసొప్పలేదు. ఋజువు అడుగుదామంటే ఏమీ లేదు. చిన్న వేషాలవాళ్ల పేర్లు తెర మీద వేసేవారు కాదట, ఫొటోల పెట్టె తిరుగు ప్రయాణంలో పోయిందట. మీ భార్య అయినా చూసే ఉంటారుగా అన్నాను. తిరిగొచ్చిన కొత్తలో ఒకసారి అడిగాడట. నీ సినిమాలేవీ ఈ ఊరికి రాలేదు అందట. ఆ తరవాత ఆవిడ పోయేదాకా ఆ ఊసెత్తలేదు. "నా ఇంటివాళ్లు ఒక్కరూ చూడలేదు" అన్నాడు, ఎవరిమీదా కోపం లేకుండా.

మా ఆయన విజయవాడ మనిషి. ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదివి కార్ల వర్క్‌షాపులో సెటిలయ్యాడు గానీ ప్రాణమంతా సినిమాల్లోనే ఉంటుంది. అంకుల్ వేసిన సినిమా ఒక్కటైనా వెతికిపెట్టమని ఆయన వెంట పడ్డాను. ముసలాయనకు సినిమా పేరు గుర్తులేదు, కథ గుర్తుంది. వరదొచ్చి వంతెన కొట్టుకుపోతే, ఆ కబురు చెప్పడానికి గుర్రం మీద ఊళ్లోకొచ్చి, వెనకనుంచి తగిలిన తూటాతో గుమ్మంలో పడిపోతాడు. ఆ ఒక్క ఆధారంతో మా ఆయన గ్రీజు పోని వేళ్లతోనే ఫోనులో పాత సినిమాలన్నీ తిరగేశాడు. ఆయన వెతుకుతున్నంతసేపూ నేను వంటింటికీ హాలుకీ మధ్య నేల అరగదీశాను. గురువారం ఒకటి దొరికింది. గుమ్మంలోకొచ్చిన మనిషికి గుండెలదాకా గడ్డం. ఈయన కాదండీ అన్నాను. అంతలో ఆ మనిషి పడిపోయాడు. కుడి మోకాలు, భుజం, ఆఖరున చెయ్యి.

నెలకో శనివారం మా తెలుగు ప్రార్థన బృందంలోని కుటుంబాలు రెస్ట్ హోమ్ లాంజ్‌కి వచ్చి పాటలు పాడి వెళ్తాయి. ఆ శనివారం పాటలయ్యాక సినిమా వేస్తామని మేనేజర్‌ని ఒప్పించాను. కూతుర్ని బతిమాలి ఉండమన్నాను. ఆవిడ కూర్చోలేదు, కారు తాళాలు చేతిలో ఆడిస్తూ తలుపు దగ్గరే నిలబడింది. ముసలాయన్ని ముందు వరసలో పెట్టి కాళ్లమీద దుప్పటి కప్పాను. కళ్లు మసక కదా, తెర కనిపిస్తోందా అంటే, వినిపిస్తే చాలన్నాడు.

నేను ఊహించనిది ఒకటుంది. సినిమా హాల్లో అడుగైనా పెట్టకుండా పెరిగాను కనుక నాకు తెలీదు. మనవాళ్ల లెక్కలో అభిమాన నటుడి ఎంట్రీకి చేతులు కట్టుకుని కూర్చోవడమంటే ఆయన్ని అవమానించడమే. అంకుల్ ఎంట్రీ ఎక్కడో మా ఆయన అందరికీ ముందే చెప్పిపెట్టాడు. దూరంగా గుర్రం కనిపించిందో లేదో, చర్చిలో ఆమెన్ అనడానికి మొహమాటపడే మగవాళ్లు లేచి నిలబడి విజిళ్లు. వాడేసిన బింగో ఆట కాగితాలు ఎప్పుడు చింపారో, ముక్కలు గాల్లోకి లేచాయి. ఒక పెద్దావిడ టీ కప్పు ఒలకబోసుకుంది. ఏం ప్రమాదం జరిగిందోనని కూతురు గిరుక్కున ఇటు తిరిగింది. మళ్లీ తెర వైపు తిరిగేసరికి హీరో గుమ్మం దాటి పోతున్నాడు. అంకుల్ చెప్పిన ఒక్క మాటా ఆ గోలలో కలిసిపోయింది.

"అయిపోయిందా?" అంది ఆవిడ. అని తాళాలు సర్దుకుంది.

మా ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "ఎంట్రీకి విజిలెయ్యకపోతే మర్యాద కాదు కదే" అని నసిగాడు. "మీరు ముందు కూర్చోండి" అన్నాను. ముసలాయన మాత్రం తలమీద పడిన కాగితం ముక్కలు తడుముకుంటూ పసివాడిలా నవ్వుతున్నాడు. తనకోసం ఇలా గోల చేసినవాళ్లు పుట్టి బుద్ధెరిగాక లేరన్నాడు. నేను కూతురి చెయ్యి పట్టుకుని, ఒక్క నిమిషం ఆగండి, మీకు దణ్ణం పెడతాను అన్నాను. కంగారులో రిమోట్ తప్పు నొక్కితే సినిమా ఎక్కడికో వెనక్కిపోయింది. తంటాలుపడి వరద దగ్గరికి తెచ్చాను.

ఈసారి ఎవరూ కదల్లేదు. గుర్రం వచ్చింది. గడ్డం మనిషి దిగి, గుమ్మం పట్టుకుని, "వంతెన లేదు, బండి ఆపండి" అన్నాడు. అమెరికావాళ్ల యాసలోనే, కానీ రోజూ నేను వినే గొంతే. మోకాలు, భుజం, చెయ్యి.

కూతురు అరచెయ్యి తీసుకెళ్లి తన కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. చెయ్యి తీశాక చూస్తే కళ్లు పొడిగానే ఉన్నాయి, మొహం మాత్రం పాలిపోయింది.

"ఈ సినిమా నేను చూశాను" అంది. "గుర్రం వచ్చేదాకా చూశాను. ఇక్కడ మా అమ్మ నా కళ్లు మూసేది. రక్తం చూసి జడుసుకుంటానని మూసేదనుకున్నాను. ఇందులో రక్తమే లేదు."

ముసలాయన నవ్వు ఆగిపోయింది. ఎక్కడ చూశావన్నాడు. ఇక్కడే, ఇప్పుడు తివాచీలమ్మే కొట్టు ఉందే, ఆ థియేటర్లో అందావిడ. ఈ ఊరికి రాలేదని చెప్పిందే మీ అమ్మ, అన్నాడు. వచ్చింది అంది. ఆడినన్నాళ్లూ ప్రతి శనివారం తీసుకెళ్లేదనీ, ప్రతిసారీ సరిగ్గా ఇక్కడే కళ్లు మూసేదనీ చెప్పింది. చెప్తూ వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

భార్య తనను చూసిందన్న మాట ఇన్నేళ్లకు, ఆవిడ పోయిన ఇన్నేళ్లకు, ఆయన చెవిన పడింది. అంత గడ్డంలోనూ గుర్తుపట్టిందన్నమాట అని గొణుక్కున్నాడు. తరవాత భయం భయంగా కూతురి వైపు తిరిగాడు.

"అది నటనేనని, నాకేం కాలేదని మీ అమ్మకు తెలుసు కదా?"

కూతురు ఆయన కాళ్లమీంచి జారిన దుప్పటి పైకి లాగింది.

"తెలిసే ఉంటుంది నాన్నా" అంది. "కానీ హాల్లోంచి ఇంటికి చేరేదాకా నా చెయ్యి వదిలేది కాదు."