వేలాడే గుండీ

వీధిలో అందరూ మందులక్క అని పిలిచే ఆవిడకి చీటీతో పనిలేదు. షాపు మెట్టెక్కే మనిషి మొహం చూస్తే చాలు, చెయ్యి దానంతటదే సరైన అరలోకి వెళ్తుంది. "బాబాయ్, బీపీ బిళ్ళలేనా? పిన్ని మోకాలు ఎలా ఉంది?" అంటూనే కవరులో వేసేస్తుంది. అలాంటి మనిషి, పట్టపగలు కత్తి చూపించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయినవాడి మొహం మాత్రం చెప్పలేకపోయింది. "ఎదురుగానే నిలబడ్డాడు కదమ్మా, మీసం ఉందా, లేదా?" అని పోలీసాయన గుచ్చి గుచ్చి అడిగాడు. కత్తి గుర్తుంది. పిడికి చుట్టిన నల్ల టేపు గుర్తుంది. చొక్కా చేతికి ఒక్క దారం మీద వేలాడుతున్న తెల్ల గుండీ గుర్తుంది. ఆ పైన అంతా తుడిచేసిన పలకే. "భయంలో ఎవరికైనా ఇంతేనమ్మా, కళ్ళు కత్తిని వదలవు" అని ఆయనే సర్దిచెప్పాడు.

అప్పట్నుంచి ఆవిడ చూపు మొహాల దాకా ఎక్కడం లేదు. కౌంటరు మీదికి చాచిన ప్రతి చేతినీ మణికట్టు దగ్గరే తడుముతోంది. మొన్న బీపీ బాబాయికి షుగరు బిళ్ళలు ఇచ్చి, ఆయన వెనక్కిస్తే చెమటలు తుడుచుకుంది. ఈ పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ భర్త, ఆవిడ పక్కనున్న తాళాల కోసం చెయ్యి చాపాడు. చొక్కా చేతి గుండీ ఊడి వేలాడుతోంది. ఆవిడ గోడకి అతుక్కుపోయింది.

"ఏమైందే? నేనే!"

గొంతు ఆయనదే. అయినా తలెత్తి మొహం చూడ్డానికి ఆవిడకి ధైర్యం చాలలేదు.