మా పిన్ని అంబలికి నేను వేసిన ఏడు లోగోలు

పదిహేనేళ్లుగా చక్కగా నడుస్తున్న అంబలి బండిని ఒక్క పొద్దుటిపూటలో మూల కూర్చోబెట్టాలంటే కరువు రానక్కర్లేదు, పక్కన పోటీ బండి వెలవనక్కర్లేదు. చుట్టాల్లో కొత్తగా డిజైన్ నేర్చుకున్న అమ్మాయి ఒకతె ఉంటే చాలు. ఆ అమ్మాయిని నేనే. ఆ ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు ఇప్పుడిప్పుడే వస్తోంది.

మాది చీపురుపల్లి. డిగ్రీ అయ్యాక మూడు నెలలు ఆన్‌లైన్‌లో డిజైన్ కోర్సు చేశాను. వాళ్లు పంపిన సర్టిఫికెట్‌ని ప్రింటు తీయించి మా అమ్మ దేవుడి పటాల పక్కన పెట్టింది. అప్పటినుంచి నా చూపే మారిపోయింది. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముహూర్తం వదిలేసి అక్షరాల మధ్య ఖాళీ చూసేదాన్ని. కిరాణా కొట్టు బోర్డు చూసి నిట్టూర్చేదాన్ని. లోకంలో ఇన్ని వంకరలు పెట్టుకుని జనం ఎలా నిద్రపోతున్నారో అర్థమయ్యేది కాదు.

మా అమ్మ చెల్లెలు పైడమ్మ పిన్ని ఆమదాలవలస స్టేషను ముందు తోపుడు బండి మీద చోడి అంబలి అమ్ముతుంది. చోళ్లంటే మా వైపు రాగులు. పొద్దున్నే రైలు దిగినవాళ్లు, మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లు ఆమె దగ్గర ఆగుతారు. చెంబుడు అంబలి, ఒక ఉల్లిపాయ, ఒక వేయించిన ఊరమిరపకాయ. మధ్యాహ్నం దాకా ఆకలి మాటెత్తదు.

ఆ ఏడాది స్టేషను రోడ్డు వెడల్పు చేస్తున్నారని బళ్లన్నిటినీ పక్క సందులోని రేకుల షెడ్లలోకి వెళ్లమన్నారు. ఇరవై షెడ్లు, ఇరవై నీలం తలుపులు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు. పిన్ని నాకు ఫోన్ చేసింది.

“సంతోషీ, సోమారం నాటికి అందరం ఆ రేకుల్లోకి ఎల్లిపోవాలంట. అన్నీ ఒక్కలాగే ఉన్నాయే. నన్నెవులు కనుక్కుంటారు? రైలు దిగినోడు ఎతుకుతాడేటి, ఎదురుగా ఏదుంటే అది తాగీసి ఎల్లిపోతాడు. నువ్వేవో బొమ్మలేత్తన్నావంట కదా, నాకో బోర్డు సేసిపెట్టవే.”

అది బెంగతో అడిగిన మాట. నాకేమో తొలి క్లయింటు దొరికిన సంబరంలో ఆ బెంగ వినిపించనే లేదు.

“బోర్డు కాదు పిన్నీ, నీకు బ్రాండ్ చేస్తాను,” అన్నాను.

బుధవారం ప్యాసింజరెక్కి ఆమదాలవలసలో దిగాను. బండి దగ్గరికి వెళ్లగానే నా చదువుకున్న కళ్లు ఒక ఘోరాన్ని పట్టేశాయి. అంబలి కుండ మూతికి ఒక పాత ఎర్రగళ్ల గుడ్డ కట్టి ఉంది. ఒక మూల మసి, ఇంకో మూల చిరుగు, పక్కన కుందేలు చెవుల్లా లేచిన ముడి.

“పిన్నీ, ముందు ఆ గుడ్డ తీసెయ్. కుండ కూడా వద్దు, మంచి స్టీలు డ్రమ్ము పెట్టు. బ్రాండంటే నీట్‌గా ఉండాలి,” అన్నాను.

పిన్ని గుడ్డ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, “అలాగేలే,” అంది. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను, అదే కొంప ముంచింది.

మొదటి లోగోలో ఒకే ఒక్క గీత ఉంది. సన్నటి గోధుమరంగు గీత, గుండ్రంగా తిరిగి, పూర్తిగా కలవకుండా ఆగిపోతుంది. ఎంత తక్కువ గీస్తే అంత గొప్ప అని కోర్సులో సారు చెప్పారు. ఎవరేమన్నా వాదించకుండా విని దిద్దుకోమని కూడా చెప్పారు. ఆ రెండో మాటని నేను మరీ భక్తిగా పాటించాను.

పిన్ని ఫోన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. “ఇదేటే, గాజు విరిగిపోనాదా?”

పక్క బండిలో బజ్జీలు వేసే సింహాచలం మావ తొంగిచూశాడు. చుట్టరికం లేదుగానీ, ఊళ్లో సగం మందికి ఆయన మావే. “అంబలి కదమ్మా, గలాసెయ్. సూడగానే తెలిసిపోవాల,” అన్నాడు.

సరేనని గ్లాసు వేశాను. అది రెండో లోగో. దాన్ని చూసింది కూడా ఆయనే. చూసి చేతిలోని జల్లిగరిటె కింద పెట్టేశాడు. “ఓలమ్మ, గలాసేటి? అది పార్టీ గుర్తు కాదేటి! రేపటినుంచి రెండో పార్టీవోలు ఒక్కలు రారు.”

“నువ్వే కదా మావా గ్లాసెయ్యమన్నావు?”

“నానన్నానే అనుకో, నువ్వు సదువుకున్నదానివి, ఆలోసించుకోవద్దేటి?”

పోనీ అని పిన్ని చెయ్యి వేశాను, చెంబు అందిస్తున్నట్టు. ఫోన్ తెరమీద చెంబు చిన్నదైపోయి చెయ్యొక్కటే కనిపించింది. “ఇది ఇంకో పార్టీ,” అన్నాడు మావ. చెయ్యి తీసేసి చోడి కంకి వేశాను, పక్కనే గరిటె. గరిటె కాస్త వంగింది. మావ నెత్తి పట్టుకున్నాడు. “కంకీ కొడవలీ ఏసీసినావేటే!”

ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఒకటి అనిపిస్తుంది. మన రాష్ట్రంలో వంటింటినుంచి వాకిలి దాకా ఏ వస్తువు గీసినా దానికి ముందే ఒక జెండా ఉంది. వేసవి చల్లదనానికి ఫ్యాను, పిన్ని మొదట్లో అంబలి తెచ్చిన సైకిలు, ఇవి కూడా నా బుర్రలోకి వచ్చాయి. వచ్చినంత వేగంగానూ పోయాయి. నాలుగు లోగోలు అయ్యాయి, గురువారం కూడా అయిపోవస్తోంది.

అప్పుడు ఏం చేశానంటే, కనబడినవాళ్లందరినీ సలహా అడిగాను. ఉల్లిపాయ వెయ్యమన్నవాళ్లున్నారు, మిరపకాయ మరిచిపోకమన్నవాళ్లున్నారు. స్టేషను కాబట్టి రైలుండాలన్నారు. మా అమ్మ ఫోన్లో అమ్మవారి బొమ్మ ఒక మూల పెట్టమంది. సారు చెప్పినట్టు ఎవరితోనూ వాదించలేదు. అన్నీ పెట్టాను. ఐదో లోగోలో కుండ మీదనుంచి రైలు వెళుతోంది, రైలు పొగలోంచి మిరపకాయలు రాలుతున్నాయి, పైనుంచి అమ్మవారు ఇదంతా సహిస్తోంది.

సింహాచలం మావ చాలాసేపు చూశాడు. “అంతా బాగున్నాది గానీ, ఇందులో అంబలెక్కడున్నాదే?”

నాకు ఏడుపొచ్చింది. “నేనింక వెయ్యను పిన్నీ, మీకెవరికీ ఏదీ నచ్చదు,” అని ఫోన్ బల్ల మీద పడేశాను. పడేయడంలో దాని అద్దం కూడా పగిలింది.

పిన్ని నన్ను కసరలేదు. చెంబులు కడుగుతూనే మెల్లగా అంది. “నచ్చడం గురించి కాదే. నాకు సదువు రాదు, బొమ్మ మంచిదో సెడ్డదో సెప్పలేను. పదిహేనేళ్లనుంచి అంబలి తాగీవోలు నా కాడికే వత్తన్నారు. ఆ సందులోకి ఎల్లినాక నన్ను కనుక్కోలేకపోతే ఏటి సెయ్యను? అదొక్కటే నా బాధ.”

ఫోన్లో మొదటిరోజు చెప్పిన మాటే అది. రెండోసారి చెబితేగానీ నా చెవికి ఎక్కలేదు. సిగ్గేసింది. రెండు రోజులుగా నేను అడిగిందంతా నా బొమ్మ ఎలా ఉందనే. పిన్ని బండిని ఎలా గుర్తుపడతారని ఒక్కరినీ అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి బండి పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. సూరయ్య తాత వచ్చాడు. మిల్లులో బస్తాలు మోస్తాడు, రోజూ రైల్లో వస్తాడు, పిన్ని బండి పెట్టిన మొదటి ఏడాదినుంచి ఇక్కడే తాగుతాడు. పాత అలవాటు కొద్దీ ఐదో లోగోని ఆయనకి ఒక్క క్షణం చూపించి ఫోన్ వెనక్కి తీసుకున్నాను.

“తాతా, ఏం చూశావు?”

“ఫోను సూసినాను. అద్దం పగిలిపోనాది, మార్పించుకో.”

నవ్వు ఆపుకుని ఈసారి సరైన ప్రశ్న అడిగాను. “ఇన్ని బళ్లున్నాయి కదా, పిన్ని బండి ఇదేనని నీకెలా తెలుస్తుంది?”

తాత నన్నో అమాయకురాల్ని చూసినట్టు చూశాడు. “ఆ ఎర్రగుడ్డ లేదేటి! వంతెన మెట్ల మీదనుంచే అగుపడతాది. అది సూసుకుని దిగిపోతాను.”

తరవాత వచ్చిన నలుగురినీ అదే అడిగాను. ఒకరు గుడ్డ అన్నారు, ఒకరు గళ్లన్నారు, ఒకావిడ చేత్తో ముడి ఆకారం గాలిలో గీసి చూపించింది. నేను తీసి పారెయ్యమన్న గుడ్డే పదిహేనేళ్లుగా ఆ బండికి బోర్డు. దాన్ని ఏ కోర్సూ చెయ్యకుండా మా పిన్ని ఎప్పుడో కట్టేసింది.

ఆరో లోగో ఒక గంటలో అయిపోయింది. నల్లకుండ, మూతికి ఎర్రగళ్ల గుడ్డ, పక్కన ముడి, కింద ‘పైడమ్మ అంబలి’. కాగితం మీద ప్రింటు తీయించి పిన్నిని కొత్త షెడ్డు ముందు పట్టుకు నిలబడమని, నేను స్టేషను వంతెనెక్కి చూశాను. గళ్లన్నీ కలిసిపోయి గుడ్డ ముద్దలా కనిపించింది. దిగొచ్చి చిన్నగళ్లు తీసేసి నాలుగే పెద్దగళ్లు పెట్టాను, ముడిని రెండింతలు చేశాను. మళ్లీ వంతెనెక్కాను. పిన్ని కింద కాగితాన్ని బిడ్డలా ఎత్తిపట్టుకుని ఉంది. ఇరవై నీలం తలుపుల మధ్య ఆ కుండ ఒక్కటే నా కళ్లలోకి వచ్చి పడింది. అది ఏడో లోగో. అంత సంతోషం నాకు సర్టిఫికెట్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

సోమవారం పొద్దున్న రైలు దిగి వంతెన మీద ఆగాను. ఫ్లెక్సీ బోర్డు దివ్యంగా ఉంది. కిందకి దిగి చూద్దును కదా, మిగతా షెడ్ల ముందు జనం, మా షెడ్డు ముందు ఎవరూ లేరు.

నేను చూస్తుండగానే సూరయ్య తాత వచ్చాడు. బోర్డు చూసి నేరుగా దానికిందికి నడిచాడు. లోపలికి తొంగిచూసి, తల గోక్కుని, ముందుకు వెళ్లిపోయాడు. వెనకాల ఇంకో ఇద్దరు అలాగే వచ్చి, అలాగే చూసి, అలాగే వెళ్లిపోయారు.

పరుగెత్తుకెళ్లాను. లోపల కుండ లేదు. దాని స్థానంలో తళతళలాడే స్టీలు డ్రమ్ము, దానికో కుళాయి. దాని వెనక, బయటివాళ్లకి తలైనా కనబడకుండా, కొత్తచీర కట్టుకుని మా పిన్ని ముఖం వేలాడేసుకుని కూర్చుంది. కంగారులో నా చదువుకున్న భాష ఎగిరిపోయింది.

“పిన్నీ, కుండేదీ? ఇదేటి సేసినావు?”

“నువ్వే కదే మొదటినాడు సెప్పినావు, గుడ్డ తీసీ, డ్రమ్ము పెట్టు, బ్రాండంటే నీటుగా ఉండాలని. అంత మంచి బోర్డు ఏసిపెట్టినావు, నీ మాట ఒక్కటి ఇనకపోతే బాగోదని...”

“మరి ఆ గుడ్డ?”

“సింపీసి బల్ల తుడుసుకుంతన్నాను.”

ఊళ్లో వాళ్ల సలహాలన్నీ విని నేనెలా పాడుచేసుకున్నానో, నా ఒక్క సలహా విని పిన్ని అలాగే పాడుచేసుకుంది. ఆమె నమ్మింది, ఆ సలహాని వెనక్కి తీసుకోవడం నేను మరిచిపోయాను. ఆమెకు ఎదురుగా నిలబడలేక తలుపు వైపు తిరిగాను.

వెళ్లిపోయిన సూరయ్య తాత సందు చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తున్నాడు. బోర్డు కిందే ఆగి నన్ను చూసి, “బోర్డులో కుండున్నాది, లోపల లేదు. ఇది ఏరేవోలదేమో అనుకున్నానమ్మా,” అన్నాడు.

జరిగింది చెప్పాను. తాత సంచిలోంచి మడత విప్పని కొత్త తువ్వాలు తీశాడు. ఎర్రగళ్లది. “నిన్ననే కొన్నాను, ఇంకా తడపలేదు. కట్టీ.”

పిన్ని బల్ల కిందనుంచి కుండ తీసి కడిగింది, తువ్వాలు ఉతికి పిండింది, అంబలి కుండలోకి మార్చింది. కుండ బల్ల మీదికెక్కిన పావుగంటలో పాతవాళ్లు ఒక్కొక్కరే సందు తిరిగారు. పిన్ని ముఖంలోకి రంగు వచ్చింది. ఆమె అందరికీ చెంబులు నింపుతుంటే నా కళ్లు తుడుచుకున్నాను.

సూరయ్య తాత చెంబు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, బోర్డునీ కుండనీ మార్చి మార్చి చూశాడు. “బొమ్మ బాగా ఏసినావమ్మా. కానీ ముడి అటేపు ఏసినావు, మీ పిన్ని ఇటేపు కడతాది.”

నిజమే. ఏడు లోగోల్లో ఒక్కసారి కూడా గమనించలేదు. అందరూ నా వైపు చూశారు. ఎనిమిదో లోగో వేస్తాననుకున్నారేమో. నేను లేచి వెళ్లి కుండని అటు తిప్పాను.

తరవాత అందరి ముందూ ఆ నీలం తలుపు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ క్లయింటు కొట్టులో అడుగుపెట్టినా గుడ్డముక్కని కూడా కదపను, తియ్యమని చెప్పను. అలా చెప్పానంటే, నేను చేసిన ఐదో లోగోని నా పెళ్లి శుభలేఖ మీద రైలుతో సహా వేయించుకుంటాను.